25 ఏళ్ల సెలవులను ఈ రోజే కొనుక్కోవచ్చా?



ఈ రోజు విషయం చూసి కొంతమందికి ఆశ్చర్యంగా ఉండొచ్చు. రిసార్టు మెంబర్‌షిప్ తీసుకోవాలా వద్దా అన్నది డబ్బు లెక్క కదా, దాంట్లో ధర్మం ఏముంది అనిపించొచ్చు. కానీ గృహస్థు జీవితంలో ధర్మసందేహాలు ఎక్కువగా డబ్బు రూపంలోనే ఎదురవుతాయండీ. ఎంత సంపాదించాలి, ఎంత దాచాలి, దేనికి ఖర్చు పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి. ఇవన్నీ ఇంట్లో రోజూ వచ్చే ప్రశ్నలే. అందుకని ఈ ప్రశ్నను లెక్కగానూ చూద్దాం, ధర్మంగానూ చూద్దాం. రెండూ కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది.

ముందు విషయం ఏమిటో తెలుసుకుందాం. ఒక హాలిడే కంపెనీకి మీరు ఇప్పుడు కొన్ని లక్షలు కడతారు. దానికి బదులుగా ఏటా ఇన్ని రాత్రులు చొప్పున, 10 ఏళ్లో 25 ఏళ్లో, వాళ్ల రిసార్టుల్లో ఉండే హక్కు వస్తుంది. దీన్నే టైమ్‌షేర్ అంటారు. 1960లలో ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల్లోని ఒక మంచు విడిదిలో ఈ పద్ధతి మొదలైంది. ఒక గదిని ఒక్కడే కొనడం కష్టం కాబట్టి, ఏడాదిలోని వారాలను పంచుకుని చాలామంది కలిసి కొనుక్కోవడం దీని మూలం. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ వచ్చి, ఒక చోట కొన్న వారాన్ని ఇంకో చోటి వారంతో మార్చుకునే వీలు కల్పించింది. మన దేశంలో స్టెర్లింగ్ హాలిడేస్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. ఇక్కడ చాలావరకు గది మీద యాజమాన్యం రాదు, వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మీరు స్థలం కొనడం లేదు, రాత్రులు కొంటున్నారు.

ఆలోచన చెడ్డదేం కాదు. పది మంది కలిసి ఒక బావి తవ్వుకుని నీళ్లు పంచుకున్నట్టే ఇదీ. దాన్ని మోసం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం సరికాదు. ఏటా సంతోషంగా వాడుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి "టైమ్‌షేర్ మంచిదా చెడ్డదా" అని అడగడం కంటే, "నా ఇంటికి, నా పరిస్థితికి ఇది తగునా" అని అడగడం మంచిది.

యక్షుడి ప్రశ్న

మహాభారతం అరణ్యపర్వంలో యక్షప్రశ్నలు మీకు తెలిసినవే. నలుగురు తమ్ముళ్లూ సరస్సు ఒడ్డున పడి ఉన్నారు. ధర్మరాజు ఒక్కడే నిలబడి యక్షుడికి జవాబులు చెబుతున్నాడు. అందులో ఒక ప్రశ్న, సంతోషంగా ఉండేవాడు ఎవడు అని. ధర్మరాజు చెప్పిన జవాబు సారాంశం ఇది. ఎవడికి అప్పు లేదో, ఎవడు ఇల్లు విడిచి పరాయి చోట బతకడం లేదో, పగటిలో ఐదో భాగానికో ఆరో భాగానికో తన ఇంట్లో తాను కూర వండుకుని తింటున్నాడో, వాడు సంతోషంగా ఉన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. రాజభోగాలు చూసినవాడు, రాజసూయం చేసినవాడు, సంతోషానికి చెప్పిన కొలత ఎంత చిన్నదో! అప్పు లేకపోవడం, ఇంట్లో ఉండడం, మరీ ఆలస్యమైనా ఇంత తినడం.

ఈ మెంబర్‌షిప్ గురించి మాట్లాడేటప్పుడు ఈ జవాబు సూటిగా తగులుతుంది. ఎందుకంటే ఇందులో ఆ మూడింట్లో రెండు ఉన్నాయి. ఇల్లు విడిచి వెళ్లడం ఉంది, చాలామంది విషయంలో అప్పూ ఉంది. మరైతే ధర్మరాజు ప్రయాణాలు వద్దన్నాడా అంటే, లేదండీ. అదే అరణ్యపర్వంలో పాండవులు రోమశ మహర్షితో కలిసి దేశమంతా తీర్థయాత్ర చేశారు. ఆయన చెప్పింది ప్రయాణం తప్పని కాదు. సంతోషానికి ప్రయాణం షరతు కాదని. ఇంట్లో సంతోషం లేనివాడు రిసార్టులో దాన్ని కొనుక్కోవాలనుకుంటే ఏ ప్యాకేజీలోనూ దొరకదు. ఇంట్లో సంతోషం ఉన్నవాడు ఊరు వెళితే అది ఇంకాస్త పెరుగుతుంది. ముందు మనం ఈ ఇద్దరిలో ఎవరమో చూసుకోవాలి.

లెక్క చేద్దాం

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఇవి ఉదాహరణ అంకెలు. మీకు చెప్పిన అంకెలు వేసుకుని ఇలాగే చేసుకోవచ్చు.

ముందు కట్టేది 4 లక్షలు అనుకుందాం. 25 ఏళ్లు, ఏడాదికి 7 రాత్రులు. ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు 18,000. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఎలా ఉంటుందంటే, 25 ఏళ్లకు 175 రాత్రులు, 4 లక్షలను 175తో భాగిస్తే రాత్రికి సుమారు 2,286 రూపాయలు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

ఈ లెక్కలో రెండు విషయాలు బయటే ఉండిపోయాయి. ఒకటి, ఏటా కట్టే ఫీజు. మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఇది కట్టాలి. 18,000ను 7తో భాగిస్తే రాత్రికి మరో 2,571. పైగా అది అక్కడే ఉండదు. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే 25వ ఏట ఒక్క ఏడాది ఫీజే దాదాపు 73,000 అవుతుంది. 25 ఏళ్ల ఫీజులన్నీ కలిపితే దాదాపు 9.9 లక్షలు. అంటే మొదట కట్టిన 4 లక్షలకు రెండింతలు దాటిపోయింది. చాలామంది బేరమంతా ఆ 4 లక్షల మీదే ఆడతారు. అసలు బరువు ఫీజులో ఉంది.

రెండోది, ఆ 4 లక్షలు మీ దగ్గరే ఉంటే ఏం చేసేవి అన్నది. 7 శాతం వడ్డీ వచ్చే చోట వేసుకుని, 25 ఏళ్లలో అసలు కూడా అయిపోయేలా ఏటా సమానంగా తీసుకుంటూ పోతే, ఏడాదికి దాదాపు 34,300 వస్తుంది. పన్ను సంగతి పక్కన పెడదాం. దానికి ఫీజు 18,000 కలపండి. 52,300. ఈ మెంబర్‌షిప్‌కి మీరు ఏటా పెడుతున్న అసలు ఖర్చు అది. ఇందులో ప్రయాణం టికెట్లు లేవు, అక్కడ తిండి ఖర్చు లేదు.

52,300ను 7తో భాగిస్తే రాత్రికి దాదాపు 7,470. ఏడు రాత్రులూ వాడితేనే ఆ ధర. నాలుగే వాడితే రాత్రికి 13,000 దాటుతుంది. అదే తరహా గది మామూలుగా బుక్ చేసుకుంటే 6,000కు దొరుకుతోందంటే, మీరు ఏడు రాత్రులూ వాడినా నష్టమే. 10,000 అయితే, ఐదు రాత్రులు వాడినా ఇంకా కొంచెం నష్టం, ఆరో రాత్రి నుంచి లాభం. ఇది మొదటి ఏళ్ల పోలిక. గదుల ధరలూ ఫీజూ ఒకే వేగంతో పెరుగుతాయనుకుంటే, ఆ 34,300 మాత్రం పెరగదు కాబట్టి, ముందు ముందు ఈ పోలిక కొనుక్కున్నవాళ్ల వైపు మొగ్గుతూ వస్తుంది. వాడని రాత్రులను మరుసటి ఏడాదికి మార్చుకునే వీలు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అది ఉంటే మీకు కాస్త మేలు.

అప్పు చేసి కొంటే లెక్క మారిపోతుంది. 4 లక్షలకు 15 శాతం వడ్డీతో 48 నెలల ఈఎంఐ పెట్టుకుంటే నెలకు 11,100 పైన. మొత్తం కట్టేది దాదాపు 5.34 లక్షలు. యక్షుడి ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడు ధర్మరాజు అప్పు మాట ఎందుకు తెచ్చాడో ఇక్కడ అర్థమవుతుంది. పిల్లల చదువుకి అప్పు చేశామంటే అర్థముంది, ఇంటికి అప్పు చేశామంటే అర్థముంది. విశ్రాంతి కోసం అప్పు చేస్తే, ఆ విశ్రాంతికి వడ్డీ కట్టడానికి ఇంకాస్త ఎక్కువ కష్టపడాలి. నాలుగేళ్లు ఓవర్‌టైమ్ చేసి కొనుక్కున్న విశ్రాంతి విశ్రాంతేనా?

అందుకని లెక్క చెప్పే మాట ఇది. నిజంగా ఏటా ఆరేడు రాత్రులు వాడే కుటుంబం, అప్పు లేకుండా కట్టగలిగితే, ఆ స్థాయి గదుల్లోనే ఉండే అలవాటుంటే, దీంట్లో కొంత లాభం ఉండొచ్చు. మిగిలినవాళ్లకు అనుమానమే.

మరి మీరు ఏటా ఎన్ని రాత్రులు వాడతారు? దీనికి జవాబు రేపటి ఉత్సాహంలో వెతక్కండి, గడిచిన ఐదేళ్లలో వెతకండి. ఈ ఐదేళ్లలో బంధువుల పెళ్లిళ్లు, తిరుపతి, సొంతూరు కాకుండా, కేవలం విహారానికని ఎన్ని రాత్రులు బయట గడిపారు? ఆ సంఖ్యను ఐదుతో భాగించండి. అదే మీ నిజమైన జవాబు. ఇంకో సంగతి, మన పిల్లలకు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా ఎండాకాలం సెలవులు, తర్వాత దసరా, సంక్రాంతి. ఊటీకైనా కొడైకెనాల్‌కైనా అందరూ బయల్దేరేది అప్పుడే. తక్కువ ధరకు ఇచ్చే మెంబర్‌షిప్పుల్లో ఆ రోజులు ఉండకపోవచ్చు. ఉన్నా నెలల ముందే గదులు నిండిపోవచ్చు. కాబట్టి "ఎన్ని రాత్రులు" అని అడిగితే చాలదు, "ఏ రాత్రులు" అని కూడా అడగాలి.

కట్టేసుకోవడం మంచిదే కదా?

దీని తరఫున ఒక మంచి వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

"మా ఆయన లీవు పెట్టరండీ. డబ్బు కట్టేశామంటే ఆ బాధకైనా కదులుతారు. లేకపోతే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు, ఒక్క ఊరు కూడా చూడం." ఇలా అనే ఇల్లాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. మనసు చంచలం. మంచి పనిని కూడా రేపు, మాపు అంటుంది. అందుకే మన పెద్దలు మొక్కు పెట్టారు, వ్రతం పెట్టారు. కార్తీక మాసమంతా దీపం పెడతానని అనుకున్నాక, పదో రోజున బద్ధకం వచ్చినా లేచి పెడతాం. రేపటి బద్ధకాన్ని ఈ రోజు సంకల్పంతో కట్టేయడం మనకు కొత్తేం కాదు. మరి మొక్కు మంచిదైతే మెంబర్‌షిప్ ఎందుకు మంచిది కాదు? రెండూ రేపటిని కట్టేసేవే కదా?

నాకు ఇందులో మూడు తేడాలు కనిపిస్తాయి.

మొదటిది, మొక్కు ఆగుతుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, మైల వస్తే, వచ్చే ఏడాది తీర్చుకుంటాం స్వామీ అని దణ్ణం పెట్టుకుంటాం. ఏ దేవుడూ ఆలస్య రుసుం వేయడు. మెంబర్‌షిప్ ఫీజు ఆగదు. మీ ఇంట్లో ఏం జరిగినా దాని తేదీకి అది వస్తుంది.

రెండోది, వ్రతం కోరికను కడుతుంది. ఒంటిపూట తింటాను, ఫలానాది మానేస్తాను అని మన ఖర్చునీ భోగాన్నీ తగ్గించుకుంటాం. మెంబర్‌షిప్‌లో జరిగేది దీనికి తలకిందులు. ఇందులో కోరికే యజమాని, మన సంపాదన దానికి కాపలా. ఏడాది తిరిగేసరికి మనకు వెళ్లాలని ఉన్నా లేకపోయినా, "డబ్బు పోతుంది, వెళ్లాలి" అని బయల్దేరతాం. సంతోషం కోసం మొదలుపెట్టింది చివరికి డ్యూటీ అయిపోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మొక్కు నేను మొక్కుకుంటే నేను తీర్చుకుంటాను. మెంబర్‌షిప్ సంతకం ఒకరు పెడితే ఇంటిల్లిపాదీ కట్టుబడాలి.

దానికి బదులు, మా ఆయన కదలడం లేదు అనే ఇల్లాలికి నేను చెప్పేది ఇది. కట్టేయడం తప్పు కాదమ్మా, తాడు పొడవు చూసుకో. నెలకు 3,000 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ కట్టి, దానికి "ఊరు డబ్బు" అని పేరు పెట్టండి. ఏడాది చివర 36,000, పైన కొంచెం వడ్డీ. అది చేతికొచ్చిన నెలలోనే టికెట్లు కొనేయండి. అరకులోనో హార్స్‌లీ హిల్స్‌లోనో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో మూడు రోజులు హాయిగా ఉండి రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగులైతే ఎల్‌టీసీ ఉంది. ఈ కట్టు ఏడాదిదే. వచ్చే ఏడాది అత్తగారికి కంటి ఆపరేషన్ వస్తే అదే డబ్బు అటు వెళుతుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఎవరి రేపటిని కడుతున్నాం?

25 ఏళ్లంటే ఎంతో మనకు సరిగ్గా ఊహకు రాదు. ఇలా చూడండి. గోదావరి పుష్కరాలు 12 ఏళ్లకోసారి వస్తాయి. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. 2003 పుష్కరాలకు అమ్మ చంకనెత్తుకుని రాజమండ్రి తీసుకెళ్లిన ఆడపిల్ల, 2027 నాటికి తానే పిల్లను ఎత్తుకుని వెళ్లే వయసుకు వస్తుంది. ఇంకా 25 ఏళ్లు కూడా నిండలేదు, 24 ఏళ్లే అయింది.

ఈ మధ్యలో ఆ ఇంట్లో ఎన్ని జరుగుతాయి? పిల్లలకు పదో తరగతి, ఇంటర్, ఎంట్రన్సులు. ఆ నాలుగైదేళ్లు ఎవరూ ఎక్కడికీ కదలరు. తర్వాత వాళ్లు హాస్టల్‌కో అమెరికాకో వెళతారు. అమ్మానాన్నల ఆరోగ్యం. ఉద్యోగం మారడం, కొన్నిసార్లు పోవడం. మోకాళ్ల నొప్పులు. ఇవేమీ అశుభాలు కావు, అందరి ఇళ్లలోనూ జరిగేవే. 35 ఏళ్ల వయసులో సంతకం పెట్టే మనిషి, 60 ఏళ్ల మనిషి తరఫున మాట ఇస్తున్నాడు. ఆ మనిషి ఎవరో, అప్పటికి ఏం కోరుకుంటాడో, ఇతనికి తెలియదు.

ఇక్కడ సభాపర్వం గుర్తుకొస్తుంది. రెండోసారి జూదానికి పిలుపు వచ్చింది. మంచిది కాదని ధర్మరాజుకు తెలుసు. అయినా పిలిచాక కాదనలేక వెళ్లాడు. ఒక్క పందెంతో, 12 ఏళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం, మొత్తం 13 ఏళ్ల భవిష్యత్తు నిర్ణయమైపోయింది. తనదే కాదు, తమ్ముళ్లది, ద్రౌపదిది కూడా. అంతకుముందు మొదటి జూదంలో ద్రౌపది సభను అడిగిన ప్రశ్న ఉంది కదా, ముందు తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని. ఆ నిండు సభలో పెద్దలెవరూ సూటిగా జవాబు చెప్పలేకపోయారు.

పోలికను మరీ దూరం లాగకూడదు. రిసార్టు కొనడం జూదం కాదు, అమ్మేవాళ్లు శకునులూ కారు. కానీ ఆ ప్రశ్నలో ఉన్న న్యాయం ఈ రోజుకీ న్యాయమే. రేపటి నుంచి ఆ ఫీజు ఎవరి చేతి నుంచి వెళ్లాలో, ఆ మనిషిని అడిగామా? భార్య నగల చీటీ ఆపి కడుతున్నామా? భర్త రాత్రి షిఫ్టు చేసి కడుతున్నాడా? కొన్ని ఒప్పందాల్లో మెంబర్‌షిప్ పిల్లలకు బదిలీ చేయొచ్చని గొప్పగా చెబుతారు. హక్కుతో పాటు ఫీజూ వెళుతుందని కూడా చూసుకోవాలి. పిల్లలకు మనం ఇచ్చేది ఆస్తా, బిల్లా?

మొహమాటం దయ కాదు

ఇప్పుడు ఆ హాలు సంగతి. షాపింగ్ మాల్‌లోనో పెట్రోల్ బంకులోనో ఒక కూపన్ నింపుతాం. వారం తర్వాత ఫోను. "మీకు గిఫ్ట్ వచ్చిందండీ, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోవాలి." వెళితే గంటన్నరో రెండు గంటలో కూర్చోబెట్టి చెబుతారు. మంచి కాఫీ ఇస్తారు. పిల్లల గురించి అడుగుతారు. చివర్లో "ఈ ధర ఈ ఒక్కరోజే" అంటారు.

ఇక్కడ మన తెలుగువాళ్ల బలహీనత ఒకటుంది. మొహమాటం. అంతసేపు చెప్పాడు, కాఫీ ఇచ్చాడు, గిఫ్ట్ ఇచ్చాడు, లేచి వెళ్లిపోతే ఏం బాగుంటుంది అనిపిస్తుంది. కృతజ్ఞత మంచి గుణమే. కానీ దానం వేరు, ఎర వేరు. ఏదీ ఆశించకుండా ఇచ్చింది దానం. కొనాలని ఆశించి ఇచ్చింది వ్యాపారంలో ఖర్చు. ఆ ఖర్చు వాళ్లు లెక్కవేసుకునే పెట్టారు. ఒక కాఫీకి 25 ఏళ్ల కృతజ్ఞత చూపించక్కర్లేదు.

అలాగే రెండో వైపు కూడా చూడాలి. కొనే ఉద్దేశం ఏమాత్రం లేకుండా గిఫ్ట్ కోసమే వెళ్లొచ్చా అని కొందరు అడుగుతారు. పిలిచింది వాళ్లు, వినమన్నారు, విన్నారు. అంతవరకు మీరు మాట తప్పలేదు. కానీ "తీసుకుందామనే అనుకుంటున్నాం" అని ఆశపెట్టి కూర్చుంటే అది అబద్ధమే. ఎదురుగా ఉన్న కుర్రాడికి నెల టార్గెట్ ఉంటుంది. కమీషన్ మీద బతుకుతున్నాడు. అతని రెండు గంటలు మన ప్రెజర్ కుక్కర్ కోసం వృథా చేయడం బాగుండదు. వద్దనుకుంటే ఫోనులోనే మర్యాదగా వద్దు బాబూ అని చెప్పేయండి. అది అతనికీ మేలే.

వెళ్లారే అనుకోండి, ఒక్క నియమం పెట్టుకోండి. ఆ రోజు సంతకం పెట్టకూడదు. ఒప్పందం కాగితాలు ఇంటికి తెచ్చుకుని, ఇద్దరూ కూర్చుని, ఆ హాల్లో లేని ఒక పెద్దమనిషికి చూపించి, అప్పుడు నిర్ణయించుకోవాలి. రేపు ఇవ్వని ధర ఈ రోజు ఇస్తున్నారంటే, రేపటిదాకా ఆలోచిస్తే మనం కొనమని వాళ్లకు తెలుసన్నమాట.

ఈ తొందర ఎంత మామూలో చట్టాలు చూసినా తెలుస్తుంది. అమెరికాలో ఓర్లాండో, లాస్ వెగాస్ లాంటి చోట్లకు మన తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సహా, ఎక్కువగా వెళుతుంటాయి. అక్కడా ఇలాంటి ప్రెజెంటేషన్లు ఉంటాయి. ఫ్లోరిడాలో సంతకం పెట్టాక 10 రోజులు, నెవాడాలో 5 రోజులు మనసు మార్చుకునే హక్కును చట్టమే ఇచ్చింది. యూరప్ దేశాల్లో 14 రోజులు. హాల్లో ఒప్పుకున్న మనిషి, ఇంటికొచ్చాక వేరే మనిషి అవుతాడని ఆ చట్టాలు చేసినవాళ్లు గుర్తించారు. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందంలో ఆ గడువు ఉందో లేదో, ఉంటే ఎన్ని రోజులో, మనమే చదివి చూసుకోవాలి. నోటితో చెప్పినవి లెక్కలోకి రావు, కాగితం మీద ఉండాలి. తేడా వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇప్పటికే తీసుకున్నవాళ్లు

ఇది చదువుతున్నవాళ్లలో తీసుకున్నవాళ్లు కూడా ఉంటారు. దయచేసి బాధపడకండి, ఇంట్లో ఒకరినొకరు అనుకోకండి. 4 లక్షల నష్టం కంటే, పదేళ్లపాటు "నువ్వే సంతకం పెట్టావు" అని దెప్పుకోవడం పెద్ద నష్టం.

కట్టిన డబ్బు తిరిగి రాదనుకుంటే, దాన్ని పక్కన పెట్టి ఇక ముందు సంగతే చూడండి. ఇక మీదట ఏటా కట్టే ఫీజుకు తగినంత ఉపయోగం ఉందా? ఉంటే, సంతోషంగా వాడుకోండి. మీరు వెళ్లలేని ఏడాది, ఒప్పందం ఒప్పుకుంటే, ఎప్పుడూ ఊరు దాటని చెల్లెలి కుటుంబాన్ని పంపండి. దానివల్ల ఖర్చు పుణ్యంలోకి వెళుతుంది. ఉపయోగం లేకపోతే, బయటపడే నిబంధనలు ఏమున్నాయో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకరికి అమ్మాలనుకుంటే మాత్రం నిజం మొత్తం చెప్పండి. ఫీజు ఎంత, ఎలా పెరిగింది, ఏ సీజన్ దొరుకుతుంది, బదిలీకి ఎంత కట్టాలి, అన్నీ. మన మెడలోంచి తీసి ఇంకొకరి మెడలో వేసేటప్పుడు బరువు దాచిపెడితే ఆ పాపం మనదే. ఇక "మీ మెంబర్‌షిప్ మేం అమ్మిపెడతాం, ముందు ఇంత ఫీజు పంపండి" అని ఫోను వస్తే పెట్టేయండి. ఇరుక్కున్నవాళ్ల ఆశ మీద బతికే మోసాలు చాలా ఉన్నాయి.

బరువు తగ్గించుకో రాజా

చివరగా ఒక్క మాట. పాండవులు తీర్థయాత్రకు బయల్దేరేటప్పుడు ధర్మరాజు వెంట చాలామంది పరివారం ఉన్నారు. అప్పుడు రోమశ మహర్షి ఆయనకు చెప్పిన సలహా, బరువు తగ్గించుకో రాజా, తేలిగ్గా ఉంటే హాయిగా తిరగగలవు అని. ధర్మరాజు ఆ మాట విని, కష్టం ఓర్చుకోలేనివాళ్లను వెనక్కి పంపి, కొద్దిమందితో బయల్దేరాడు. ఆ యాత్రలో ఆయనకు ముందే కట్టి పెట్టిన విడిది ఏదీ లేదు. ఎక్కడ నది కనిపిస్తే అక్కడ స్నానం, ఎక్కడ ఆశ్రమం ఉంటే అక్కడ రాత్రి.

మన పాత తెలుగులో సెలవు అనే మాటకు ఖర్చు అనే అర్థం కూడా ఉంది. "సెలవు చేయడం" అంటే ఖర్చు పెట్టడం. అనుమతి అనే అర్థమూ ఉంది, "సెలవిప్పించండి" అంటాం. ఈ మూడు అర్థాలనూ కలిపి పెట్టుకుంటే మన ప్రశ్నకు కొలబద్ద దొరికినట్టే. ఈ సెలవుకు నేను చేస్తున్న సెలవు ఎంత? దానికి నా ఇంటివాళ్లందరి సెలవు ఉందా?

నాకు అనిపించేది ఇది. మెంబర్‌షిప్‌కి మనం కట్టే అసలు ధర రాత్రికి ఇన్ని వేలు అన్నది కాదు. వచ్చే ఏడాది "ఈసారి వద్దులే" అని చెప్పుకోగలిగే స్వేచ్ఛ. అది అప్పు లేనివాడి స్వేచ్ఛ, ధర్మరాజు సంతోషం అన్నది దాన్నే. అంత స్వేచ్ఛ ఇచ్చేసినా లోటు లేని కుటుంబాలు కొన్ని ఉంటాయి. చేతిలో నగదు ఉంది, ఏటా వెళ్లే అలవాటు ముందునుంచే ఉంది, ఇద్దరి మనసూ ఒకటే, కాగితం మొత్తం చదివారు. అలాంటివాళ్లు తీసుకుంటే తప్పు లేదు, హాయిగా తిరిగి రండి. ఈ నాలుగింట్లో ఒక్కటి తక్కువైనా ఆగండి. కొండలు ఎక్కడికీ పోవు. వాటిని చూడడానికి ఒక్క ఏడాది డబ్బు, ఒక్క ఏడాది ఇష్టం చాలు.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని, ఈ ఏడాది ఎక్కడికి వెళదాం అని పిల్లల్ని అడగండి. వాళ్లలో ఒకరైనా "అమ్మమ్మ వాళ్ల ఊరు" అంటారేమో వినండి. అంటే, ఈ ఏడాది విడిది ఖర్చు మిగిలినట్టే.

అందరికీ మంచి జరగాలని కోరుకుంటూ, సెలవు.